పింఛనుకు లెక్కలు, పెట్టుబడికి మొక్కులు

ఉచితాలు రాష్ట్రాన్ని ముంచేస్తున్నాయన్న మాట అభిప్రాయం స్థాయి దాటి లోకజ్ఞానమైపోయింది. టీవీ చర్చలో విశ్లేషకుడు అదే అంటాడు, పెళ్లి భోజనంలో పక్క విస్తరి దగ్గర కూర్చున్నాయన అదే అంటాడు, డల్లాస్ నుంచి వాట్సాప్‌లో బంధువు అదే పంపిస్తాడు. 2022 జులై 16న ఉత్తరప్రదేశ్‌లోని జాలౌన్‌లో బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌వేను ప్రారంభిస్తూ ప్రధాని మోదీ దీనికి 'రేవడీ సంస్కృతి', అంటే తాయిలాలు పంచే సంస్కృతి, అని పేరు పెట్టారు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో జస్టిస్ బి.ఆర్. గవాయ్, ఈ ఉచితాలతో పరాన్నజీవుల వర్గాన్ని తయారుచేయడం లేదా అని ప్రశ్నించారు. ఆ రోజు ఆయన ముందున్నది పట్టణాల్లో తలదాచుకునే చోటు లేనివాళ్ల కేసు.

ఆ వాదాన్ని దాని పూర్తి బలంతోనే చెప్పుకుందాం. ప్రభుత్వం దగ్గరున్న డబ్బు పరిమితం. పరిశ్రమకు భూమి, పన్ను రాయితీ, కరెంటు రాయితీ ఇస్తే అది పెట్టుబడి: ఫ్యాక్టరీ వస్తుంది, ఉద్యోగాలొస్తాయి, రేపు పన్నుల రూపంలో ఇచ్చినదానికి రెట్టింపు తిరిగొస్తుంది. పేదవాడికి బియ్యం, పింఛను, బస్సు టికెట్ ఇస్తే అది ఖర్చు: ఇవాళ తింటాడు, రేపు మళ్లీ చెయ్యి చాస్తాడు, పనిచేసే అలవాటు పోతుంది. భారమంతా పన్ను కట్టేవాళ్ల మీద పడుతుంది. ఇచ్చేవాడికి ఓట్లు మిగులుతాయి, రాష్ట్రానికి అప్పులు మిగులుతాయి. ఇదీ వాదం. ఇందులో అబద్ధమని ఒక్క ముక్కలో కొట్టిపారేయగలిగింది తక్కువే. ఎన్నికల ముందు పోటీలు పడి పంచే పథకాల్లో పనికిరానివి ఉన్నాయి, దుబారా ఉంది. తేడా ఎక్కడొస్తుందంటే, పేదవాడిని కొలిచే కొలబద్ద ఒకటి, కంపెనీని కొలిచేది ఇంకొకటి. రెంటినీ ఒకే కొలబద్దతో కొలిచి చూస్తే ఈ వాదంలో ఏం మిగులుతుందో చూద్దాం.

1. "కంపెనీకిచ్చింది తిరిగొస్తుంది"

పెట్టుబడి అన్నాక ఎంత పెట్టాం, ఎంత వచ్చింది అన్న లెక్క ఉండాలి. లెక్క చూడకుండా పెట్టే డబ్బును పల్లెటూళ్లో కూడా పెట్టుబడి అనరు.

గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ కంపెనీ చిప్‌ల ప్యాకేజింగ్ ప్లాంటు తీసుకోండి. 2023 జూన్‌లో ప్రకటించారు. మొత్తం ఖర్చు 275 కోట్ల డాలర్లు. అందులో సగం కేంద్రం ఇస్తుంది, ఇంకో 20 శాతం గుజరాత్ ప్రభుత్వం ఇస్తుంది. అంటే రూపాయిలో 70 పైసలు ప్రజలవి, యాజమాన్యం మాత్రం కంపెనీది. నేరుగా వచ్చే ఉద్యోగాలు 5 వేలన్నారు. ఒక్కో ఉద్యోగానికి 3 కోట్ల 20 లక్షలు పడుతోందని లెక్కగట్టి, ఇదేం లెక్క అని అడిగింది ప్రతిపక్షం కాదు. కేంద్రంలో భారీ పరిశ్రమల మంత్రి కుమారస్వామే 2024 జూన్‌లో ఆ మాట అన్నారు. పెద్ద దుమారం లేచాక సర్దుకున్నారు. మంత్రి సర్దుకున్నా భాగహారం సర్దుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4 వేలు, ఏడాదికి 48 వేలు. ఆ ఒక్క ఉద్యోగానికి పెట్టిన సొమ్ముతో 660 మందికి పైగా వృద్ధులకు ఏడాది పొడవునా పింఛను ఇవ్వొచ్చు. చిప్‌ల తయారీ దేశ భద్రతకు అవసరం, చుట్టూ ఇంకా ఉద్యోగాలు పుడతాయి అని సమాధానం చెబుతారు. కావచ్చు. ఆ సమాధానాన్ని పరీక్షించే ఓపిక మనలో ఎంతమందికి ఉంది? పింఛను 3 వేల నుంచి 4 వేలకు పెరిగితే మాత్రం ఆ రాత్రే గంట సేపు చర్చ పెట్టగలం.

ఇంటికి దగ్గరగా రండి. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖ రుషికొండ ఐటీ కొండ మీద 21.16 ఎకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు టీసీఎస్‌కు ఇచ్చింది. పెట్టుబడి 1,370 కోట్లు, ఉద్యోగాలు 12 వేలు అని చెప్పారు. తర్వాత కాగ్నిజెంట్‌కూ కాపులుప్పాడలో అదే 99 పైసల లెక్కన భూమి దక్కింది. దేశంలో నగదు నిల్వలకు లోటు లేని పెద్ద కంపెనీల్లో ఇవి రెండు. సముద్రం కనిపించే కొండ మీద భూమి కొనుక్కునే స్తోమత వీటికి లేదని ఎవరూ అనరు. పేదవాడి రేషన్ కార్డుకు ఇంట్లో కారుందా, కరెంటు బిల్లు ఎన్ని యూనిట్లు దాటింది అని ఆరా తీసే రాష్ట్రంలో, ఇవతల అర్హత అన్న ప్రశ్నే లేదు.

అన్నీ వృథా అనడం లేదు. పెనుకొండ దగ్గర కియా వచ్చింది, 2019లో కారు బయటికొచ్చింది, కరువు నేల మీద అనుబంధ పరిశ్రమలు లేచాయి. ఇచ్చినదానికి ఫలితం కనిపించింది. కానీ అక్కడికి దగ్గర్లోనే, హిందూపురం చుట్టుపక్కల, చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,844 ఎకరాలు ఇచ్చిన కథ కూడా ఉంది. హబ్ రాలేదు, ఉద్యోగాలు రాలేదు. ఆ భూములు బ్యాంకుల్లో తాకట్టుకు వెళ్లాయి, చివరికి దివాలా ప్రక్రియలో వేలానికొచ్చాయి. ఇంచుమించు పక్కపక్కనే ఉన్న ఈ రెండు అనుభవాల్లో మనం ఒక్కదాన్నే గుర్తుపెట్టుకుంటాం. కియా చూపించి పరిశ్రమలకు ఇచ్చేదంతా పెట్టుబడి అంటాం. పేదల పథకాల దగ్గరికొచ్చేసరికి తాగి పడుకున్న ఒక్కణ్ని చూపించి ఇచ్చేదంతా వృథా అంటాం.

ఇక పేదవాడికిచ్చింది తిరిగి రాదనే మాట. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. నాలుగైదేళ్ల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లో, సుమారు 1.9 కోట్ల జనాభా ఉన్న మండలాల్లో కూలి డబ్బులు స్మార్ట్‌కార్డుల ద్వారా సక్రమంగా అందేలా చేసి, ఫలితం ఏమిటో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ఆర్థికవేత్తలు కొలిచారు. పేద కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం పథకం కూలి నుంచి రాలేదు, బయట పనుల నుంచి వచ్చింది. బయట కూలి రేట్లు పెరిగాయి, బయట పని కూడా పెరిగింది. ప్రభుత్వం ఇచ్చిన రూపాయి ఊళ్లో తిరిగి ఇంకొకరికి పనై వచ్చిందన్నమాట. కంపెనీల విషయంలో మనం నమ్ముకున్న సిద్ధాంతం ఇదే. రుజువు మాత్రం కూలివాళ్ల దగ్గర దొరికింది.

2. "ఇస్తే సోమరులవుతారు"

వాదంలో అసలు ప్రాణం ఇక్కడుంది. మిగతావన్నీ అంకెలు, ఇది కడుపులోని మాట.

ఎన్టీఆర్ 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పెట్టారు. నలభై ఏళ్లు దాటింది. చౌక బియ్యం తిన్న తరం పోయి వాళ్ల మనవలు పనుల్లోకి వచ్చారు. తిండి దొరికితే పని మానేసేవాళ్లే అయితే ఈ పాటికి రెండు రాష్ట్రాలూ నిద్రపోతూ ఉండాలి. జరిగిందేమిటి? పాలమూరు కూలీలు దేశంలో ప్రతి డ్యాము దగ్గరా మట్టి మోశారు. కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్లు అప్పు చేసి గల్ఫ్ ఎడారుల్లో ఇటుకలు పేర్చారు. గోదావరి జిల్లాల ఆడవాళ్లు పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి కువైట్ ఇళ్లల్లో అంట్లు తోమారు. శ్రీకాకుళం మేస్త్రీలు చెన్నైలో, బెంగళూరులో అపార్ట్‌మెంట్లు కట్టారు. కంట్రోలు బియ్యం తిన్న సోమరులు వీళ్లే.

ఇది తెలుగువాళ్ల ప్రత్యేకత కూడా కాదు. అభిజిత్ బెనర్జీ, రీమా హన్నా తదితరులు హోండురాస్, ఇండోనేసియా, మొరాకో, మెక్సికో, నికరాగువా, ఫిలిప్పీన్స్‌లలో నగదు సాయం మీద జరిగిన ఏడు ప్రయోగాల సమాచారాన్ని కలిపి పరిశీలించారు. డబ్బందుకున్న పేదలు పని తగ్గించారనడానికి ఆధారమేమీ దొరకలేదు.

మరి నాట్లకు కూలీలు దొరకడం లేదని ప్రతి రైతూ ఎందుకంటున్నాడు? ఈ ప్రశ్నను దాటేయకూడదు, ఎందుకంటే అంటున్నవాళ్లలో చాలామంది చిన్న రైతులు, వాళ్ల కష్టం నిజం. నీళ్లొచ్చి తెలంగాణలో వరి విస్తీర్ణం విపరీతంగా పెరిగింది. అందరికీ అవే పదిహేను రోజుల్లో నాట్లు పడాలి. ఊరి కుర్రకారు హైదరాబాద్‌లో డెలివరీ బండ్ల మీద, నిర్మాణ పనుల్లో ఉన్నారు. అందుకే బిహార్, బెంగాల్ నుంచి నాటు వేసే ముఠాలు వస్తున్నాయి. కారణాలు ఇన్ని కళ్లెదుట ఉండగా నేరం మాత్రం రేషన్ బియ్యం మీద, పింఛను మీద పడుతుంది. ఇంకో సంగతి ఉంది, అది పైకి చెప్పరు. కూలీలు దొరకడం లేదంటే చాలాసార్లు పాత కూలికి దొరకడం లేదని. ఇంట్లో నెలకు సరిపడా బియ్యం ఉన్న ఆడమనిషి తెల్లారి గుమ్మం ముందుకొచ్చి పిలవగానే ఇచ్చినంతకు బయల్దేరదు. ఎంతిస్తావని అడుగుతుంది. ఎండ దిగాక వస్తానంటుంది. ఆ అడిగే ధైర్యమే చాలామందికి సోమరితనంగా కనిపిస్తోంది. ఆ రైతుకు గిట్టుబాటు ధర రానివ్వని మార్కెట్ మీద చూపించాల్సిన కోపం ఆవిడ మీద చూపించడం తేలిక.

ఇచ్చినది పుచ్చుకుని కాలు మీద కాలేసుకున్నవాళ్లు అసలు లేరా? ఉన్నారు. 2019 సెప్టెంబర్ 20న కేంద్రం కార్పొరేట్ పన్ను మూల రేటును 30 శాతం నుంచి 22 శాతానికి దించింది, కొత్త తయారీ కంపెనీలకు 15 శాతం చేసింది. ఖజానాకు ఏడాదికి 1.45 లక్షల కోట్లు తగ్గుతుందని ఆర్థిక మంత్రే ప్రకటించారు. ఆ ఏడాది ఉపాధి హామీకి బడ్జెట్‌లో పెట్టింది 60 వేల కోట్లు. పన్ను తగ్గితే కంపెనీలు ఫ్యాక్టరీలు పెడతాయి, కొలువులిస్తాయి అన్నారు. 2024-25 ఆర్థిక సర్వే ఏం చెప్పిందో చూడండి: 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు పదిహేనేళ్లలో ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరాయి, ఒక్క ఏడాదిలో 22 శాతం పెరిగాయి. వాటిలో ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతం. ఇది ఏ కమ్యూనిస్టు కరపత్రంలోదో కాదు, ప్రభుత్వ సొంత సర్వేలోది. సాయం అందుకుని పని పెంచనివాళ్లను సోమరులనాలంటే ఆ మాట ఎవరికి ఎక్కువ అతుకుతుంది?

3. "మా పన్నుల సొమ్ము"

ఆదాయపు పన్ను కట్టేవాళ్లే పన్ను కట్టేవాళ్లు, మిగతావాళ్లు తినేవాళ్లు అనే ఊహ మీద ఈ మాట నిలబడింది. పింఛను తీసుకునే ముసలమ్మ కొనే అగ్గిపెట్టె, నూనె, చెప్పులు, ఫోన్ రీచార్జి అన్నిటిలోనూ పన్ను ఉంది. ఆమె కొడుకు బండిలో పోసే పెట్రోల్ మీద కేంద్రానికి, రాష్ట్రానికి వేర్వేరుగా కడతాడు. అతను తాగితే ఎక్సైజ్ ఖజానా నిండుతుంది. పథకాల డబ్బంతా తాగుడికే పోతోందని వెక్కిరించేవాళ్లు, ఆ డబ్బు మళ్లీ సర్కారు జేబులోకే చేరుతోందని ఆ ఊపులో మర్చిపోతారు.

ఒక చిన్న పోలిక. 2025 సెప్టెంబర్ 22న రేట్లు మారే దాకా ఒంటి సబ్బు మీద జీఎస్టీ 18 శాతం. 2019 నిర్ణయం ప్రకారం కొత్త తయారీ కంపెనీ తన లాభం మీద కట్టాల్సింది 15 శాతం, సర్‌ఛార్జీ, సెస్సు కలిపితే 17.16 శాతం. ఒకటి ధర మీద పన్ను, ఇంకొకటి లాభం మీద పన్ను, రెండూ ఒకటి కావు, తెలుసు. అయినా ఒంటికి సబ్బు రాసుకునే కూలిమనిషి కంటే, ఫ్యాక్టరీ లాభం పంచుకునే వాటాదారు మీద అన్నాళ్లూ శాతం తక్కువగా ఉందన్న సంగతి ఏ పన్నుదారుల సంఘమూ ప్రస్తావించగా వినలేదు.

జీతగాళ్ల బాధ అబద్ధం కాదు. వాళ్ల చేతికి జీతం రాకముందే పన్ను కోత పడుతుంది. కానీ వాళ్ల కోపం తప్పు దారిలో పోతోంది. 2019 తగ్గింపు తర్వాతి సంవత్సరాల్లో వ్యక్తిగత ఆదాయపు పన్ను వసూళ్లు కార్పొరేట్ పన్ను వసూళ్లను దాటిపోయాయి. అంతకుముందు చాలా ఏళ్లు కంపెనీలదే పైచేయి. జీతగాడి నెత్తిన బరువు పెరిగిన దారి ఇది. ఎదురింటి విధవరాలి పింఛను అందులో కారణం కాదు.

ఇంకో సంగతి చెప్పక తప్పదు, తెలుగు మధ్యతరగతికి ఇది రుచించదు. ఉచితాలను అందరికంటే గట్టిగా ఈసడించుకునే వర్గం సాఫ్ట్‌వేర్ వర్గం. ఆ పరిశ్రమకు ఆదాయపు పన్ను చట్టంలోని 10ఎ, 10బి సెక్షన్ల కింద ఎగుమతి లాభాల మీద పన్ను మినహాయింపు 2011 మార్చి దాకా నడిచింది. ఆ తర్వాత ప్రత్యేక ఆర్థిక మండళ్లకు మారిన కంపెనీలకు మొదటి ఐదేళ్లు పూర్తిగా, తర్వాతి ఐదేళ్లు సగం మినహాయింపు. హైటెక్ సిటీ చుట్టూ పెరిగిన ప్రతి జీతంలో ఆ రాయితీ భాగం ఉంది. అదలా ఉంచండి. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తెచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజనీరింగ్ చదివి, ఎంఎస్‌కు అమెరికా వెళ్లి, అక్కణ్నుంచి ఊళ్లోవాళ్లు ఉచితాలకు అలవాటు పడ్డారని బాధపడేవాళ్లు ఎంతమంది లేరు! ఆ చదువు పెట్టుబడే, తిరిగొచ్చింది కూడా. వాళ్లకిచ్చినది పెట్టుబడి అయినప్పుడు, ఐదో తరగతి పిల్లకు బడిలో పెట్టే అన్నం, గుడ్డు దేని కిందికొస్తాయి?

4. "శ్రీలంక అవుతాం"

ఇది వాదన కంటే బెదిరింపు ఎక్కువ, కనుక తొందరగా ముగిద్దాం. 2022లో శ్రీలంక దివాలా తీయగానే మన స్టూడియోల్లో అది పేదలకు పంచి పాడైన దేశమైపోయింది. అక్కడ జరిగింది వేరు. 2019 నవంబర్‌లో గెలిచిన గొటబయ రాజపక్స వచ్చీరాగానే వ్యాట్‌ను 15 శాతం నుంచి 8 శాతానికి, కంపెనీల పన్నును 28 నుంచి 24 శాతానికి తగ్గించాడు. ఖజానా రాబడి కుప్పకూలింది. దానికి కోవిడ్‌తో పర్యాటకం పోవడం, 2021లో రాత్రికి రాత్రి రసాయన ఎరువులు నిషేధించడం, డాలర్ల అప్పులు తోడయ్యాయి. పన్నులు తగ్గించి పాడైన దేశాన్ని చూపించి, పన్ను రాయితీలను పొగుడుతూ పింఛన్లను తిట్టడం మన చర్చల్లోనే చెల్లింది. పైగా జగన్ హయాంలో ఆంధ్రప్రదేశ్ శ్రీలంక అవుతుందని హెచ్చరించిన పార్టీయే 2024లో సూపర్ సిక్స్ హామీలు చేతపట్టుకుని ఓట్లడిగింది. భయం నిజమైనదైతే మేనిఫెస్టో రాసేటప్పుడు గుర్తొచ్చేది.

అప్పు ప్రమాదం లేదని కాదు. రాబడికి మించి అప్పు చేసే ఏ రాష్ట్రమైనా చిక్కుల్లో పడుతుంది. ఆ చిక్కుల్లో పింఛనుకెంత వాటా, వదిలేసుకున్న పన్నుకెంత, పారిశ్రామిక రాయితీల బకాయిలకెంత, కట్టి వదిలేసిన కట్టడాలకెంత అని విడివిడిగా చెప్పమనండి. చెప్పకుండా మొదటిదాన్ని మాత్రమే ఎత్తి చూపిస్తే దాన్ని ఆర్థికశాస్త్రం అనలేం.

5. "రుణమాఫీ రుణ సంస్కృతిని పాడుచేస్తుంది"

రైతు రుణమాఫీ మీద నాకూ అభ్యంతరాలున్నాయి. బ్యాంకు గడప తొక్కలేని కౌలు రైతుకు అందులో దక్కేది శూన్యం. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధూ అంతే: ఎన్ని ఎకరాలున్నా పరిమితి లేకుండా భూమి యజమానికి డబ్బు, దున్నేవాడికి సున్నా. విచిత్రం చూడండి, వంద ఎకరాల ఆసామి ఖాతాలో పడిన లక్షల్ని ఎవరూ తాయిలం అనలేదు. ఆ మాట వికలాంగుడి పింఛనుకు, ఆడవాళ్ల బస్సు టికెట్‌కు దాచిపెట్టుకున్నాం.

ఇక కంపెనీల అప్పుల దగ్గరికి రండి. పార్లమెంటులో 2023 ఆగస్టులో ఆర్థిక శాఖ చెప్పిన లెక్క ఇది. 2014-15 నుంచి తొమ్మిదేళ్లలో బ్యాంకులు రద్దు పద్దులో వేసిన అప్పులు 14.56 లక్షల కోట్లు. అందులో భారీ పరిశ్రమలు, సేవారంగానివి 7.40 లక్షల కోట్లు. రద్దు పద్దులో వేయడమంటే మాఫీ కాదని, వసూలు ప్రయత్నం సాగుతూనే ఉంటుందని బ్యాంకర్లు వెంటనే సరిదిద్దుతారు. సాంకేతికంగా నిజం. అయితే ఆ తొమ్మిదేళ్లలో రద్దు చేసిన అన్ని రకాల అప్పుల నుంచీ వెనక్కి వచ్చింది సుమారు 2.04 లక్షల కోట్లని అదే జవాబులో ఉంది. మిగతా పన్నెండున్నర లక్షల కోట్లకు ఏ పేరు పెట్టుకుంటారో బ్యాంకర్లే చెప్పాలి.

దివాలా కోర్టుల్లో ఇంకా విడ్డూరం. వీడియోకాన్ గ్రూపు మీద రుణదాతల క్లెయిములు 64 వేల కోట్లకు పైమాటే. 2021లో దాన్ని 2,962 కోట్లకు తీసుకునే ప్రతిపాదన వచ్చింది, రుణదాతలు ఒప్పుకున్నారు. దాదాపు ఏమీ చెల్లించకుండా కొంటున్నారని ట్రైబ్యునలే ఆశ్చర్యపోయి కూడా ఆమోదముద్ర వేసింది. ఆ తర్వాత పై ట్రైబ్యునల్ దాన్ని పక్కన పెట్టిందనుకోండి. రుణదాతలు 95 శాతం వదులుకోవడానికి సిద్ధపడ్డారన్నదే అసలు సంగతి. పుస్తెలు తాకట్టు పెట్టి తెచ్చిన పంట అప్పు గడువు దాటితే వేలం నోటీసు పత్రికలో వేసే బ్యాంకు, అటువైపు వాణిజ్య విజ్ఞత చూపిస్తుంది. రుణ సంస్కృతి పాడయ్యిందనే దిగులు ఎవరిని చూసి మొదలవ్వాలి?

6. "మనం ఇవ్వకపోతే పక్క రాష్ట్రం ఇస్తుంది"

పరిశ్రమల రాయితీలకు ఉన్న గట్టి సమర్థన ఇదే. దీనికి జవాబు చెప్పకుండా మిగతావి ఎన్ని చెప్పినా ప్రయోజనం లేదు.

2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ పెడతానంది. కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే, దీనికోసం ఆంధ్ర 22 వేల కోట్ల రాయితీలిస్తోందని లెక్కలు బయటపెట్టి ఎద్దేవా చేశారు. ఇటునుంచి మీకు కడుపుమంట అని ఎదురు జవాబు వెళ్లింది. రెండు రాష్ట్రాల మంత్రులు సోషల్ మీడియాలో కొట్టుకుంటుంటే చూడ్డానికి సరదాగానే ఉంది, కానీ ఈ పోటీలో రాష్ట్రాలు రెండూ ఓడిపోయేవే. దేశంలో ఎక్కడో ఒకచోట పెట్టక తప్పని కంపెనీని మన చోటికి లాగడానికి ఒక ప్రభుత్వం ఇచ్చిన రాయితీ, మొత్తం దేశం లెక్కలో కొత్త ఉద్యోగమేమీ పుట్టించదు, జాగా మారుస్తుంది అంతే. డేటా సెంటర్ సంగతైతే మరీను: కరెంటు, నీళ్లు కావాల్సినంతగా మనుషులు అక్కర్లేదు.

అందరూ ఇస్తున్నారు కాబట్టి మనమూ ఇవ్వాలి అనడం, ఎన్నికల్లో పార్టీలు ఒకదాని మీద ఒకటి పథకాలు పెంచుకుంటూ పోవడానికి చెప్పే కారణమే. పార్టీలు ఓటరును కొనడానికి పోటీ పడితే ప్రజాస్వామ్యం దిగజారిపోయిందంటాం. రాష్ట్రాలు కంపెనీని కొనడానికి పోటీ పడితే సహకార సమాఖ్యలో ఆరోగ్యకరమైన పోటీ అంటాం. ఓటరుకు కనీసం ఐదేళ్లకోసారి ముఖం చూపించాలి. కంపెనీ అలా కాదు, ఇంకెక్కడో ఇంకో రూపాయి ఎక్కువిస్తే చెప్పాపెట్టకుండా వెళ్లిపోగలదు.

ఈ పోటీకి దిగకపోతే పరిశ్రమ రాదనేవాళ్లు తమిళనాడును కొంచెం తీరిగ్గా చూడాలి. 1982లో ఎంజీఆర్ బడి పిల్లల భోజన పథకాన్ని విస్తరిస్తే డబ్బు తగలేస్తున్నాడన్నారు. రేషన్, మిక్సీలు, గ్రైండర్లు, ల్యాప్‌టాప్‌లు, ఉచితాల పట్టిక ఎక్కడ రాసినా మొదటి పేరు ఆ రాష్ట్రానిదే. దేశంలో అత్యధిక ఫ్యాక్టరీలున్న రాష్ట్రం కూడా అదే. కడుపునిండా తిని బడికెళ్లి చదివిన పిల్లలు, ఆరోగ్యంగా పనికొచ్చే ఆడవాళ్లు ఉన్నచోటు వెతుక్కుంటూ కూడా పరిశ్రమ వస్తుంది. ఆ ఖర్చును రేవడీ పద్దులో రాసి, కొండ మీద భూమి ఇచ్చినదాన్ని మాత్రం అభివృద్ధి పద్దులో రాస్తున్నాం.

7. ఎవరు రుజువు చేసుకోవాలి

ఉపాధి హామీ పనికెళ్లిన మనిషికి 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఇచ్చిన కూలి 307 రూపాయలు. దానికోసం 2023 జనవరి 1 నుంచి పని దగ్గర రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేకపోతే ఆ రోజు కూలి గోవిందా. రేషన్ షాపులో మట్టి పని చేసి అరిగిపోయిన వేలికి ముద్ర పడకపోతే మళ్లీ రమ్మంటారు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛన్లను మళ్లీ పరీక్షించి వేలమందికి నోటీసులిచ్చారు. వాళ్లలో మంచం దిగలేనివాళ్లు కూడా ఆసుపత్రుల ముందు క్యూ కట్టారు. కేంద్రం తన వంతుగా 60 నుంచి 79 ఏళ్ల వృద్ధుడికి ఇచ్చేది నెలకు 200 రూపాయలు, అది దాదాపు రెండు దశాబ్దాలుగా పెరగలేదు. అన్ని రకాల పింఛన్లూ కలిసిన ఆ మొత్తం కార్యక్రమానికి 2025-26 బడ్జెట్‌లో పెట్టింది సుమారు 9,650 కోట్లు. పద్నాలుగు రంగాల పరిశ్రమలకు ఉత్పత్తి ప్రోత్సాహకాల పథకం కింద కొన్నేళ్లకు కలిపి కేటాయించింది 1.97 లక్షల కోట్లు.

200 రూపాయల మనిషి తాను బతికే ఉన్నానని రుజువు చేసుకోవాలి. 12 వేల ఉద్యోగాలిస్తానన్న కంపెనీ, ఆ ఉద్యోగాలు ఇచ్చిందో లేదో రోజుకు రెండుసార్లు ఫొటో పంపాల్సిన పనిలేదు. ఏడాదికోసారి కూడా కాదు.

కాబట్టి నా మాట ఇదీ. ఆకలి, వృద్ధాప్యం, వైకల్యం, చదువు, వైద్యం విషయంలో పేదలకిచ్చేది వాళ్ల హక్కు. అది తిరిగొస్తుందా లేదా అన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు, తిరిగొస్తుందని రుజువులున్నా సరే. లాభం కోసం వ్యాపారం చేసే కంపెనీకిచ్చేది హక్కు కాదు, బేరం. బేరమన్నప్పుడు రాతకోతలుండాలి: ఎన్ని ఉద్యోగాలు, ఎంత జీతంతో, ఎప్పటిలోగా, మాట తప్పితే భూమి వెనక్కి, రాయితీ వడ్డీతో సహా వెనక్కి. ఉచితాల మీద ధర్మాసనాలు ఏళ్ల తరబడి వాదనలు వింటున్నాయి. వాటి ముందు ఈ బేరాల పత్రాలు కూడా పెట్టాలి. పేదవాడికిచ్చే ప్రతి కొత్త పథకానికీ డబ్బెక్కణ్నుంచి తెస్తారని అడుగుతున్నట్టే, ప్రతి కొత్త రాయితీకీ అడగాలి.

దీనికి కొత్త యంత్రాంగం కనిపెట్టక్కర్లేదు. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని దేశానికి నేర్పింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. దానికోసం 2009లో ప్రత్యేక సంస్థనే పెట్టింది. ఊరందరి ముందు మస్టర్ చదువుతారు, ఎవరి పేరు మీద ఎన్ని రోజులు, ఎంత డబ్బు అని పైకి వినిపిస్తారు, తేడా ఉంటే అక్కడికక్కడే నిలదీస్తారు. ఫీల్డ్ అసిస్టెంట్ల ఉద్యోగాలు పోయాయి, తిన్న సొమ్ము కక్కించారు. అదే తనిఖీ బృందాన్ని రుషికొండకు, కాపులుప్పాడకు, చిలమత్తూరుకు పంపండి. ఇచ్చిన ఎకరాలు, వదిలేసిన పన్ను, చెప్పిన ఉద్యోగాలు, ఇచ్చిన ఉద్యోగాలు, నాలుగు అంకెలు మైకులో చదవండి. వినడానికి పింఛనుదారులు వస్తారు. వాళ్లకు ఇలాంటి సభల్లో కూర్చోవడం అలవాటే.